ఒక మాట తీసేసిన ఓటు: డెబియన్ సంఘం చరిత్రలో కొన్ని పేజీలు

పదో తరగతిలో రాజ్యాంగ సవరణల పాఠం చెబుతూ మన సోషల్ మాస్టారు బోర్డు మీద 368 అని పెద్దగా రాసి, దాని చుట్టూ సున్నా చుట్టారు. "ఇల్లు కట్టడం ఒక ఎత్తు. అందులో కాపురం ఉంటూ గోడ జరపడం ఇంకో ఎత్తురా" అన్నారు. అప్పట్లో నాకది నాలుగు మార్కుల ప్రశ్న, అంతే. ఆ గోడ జరపడమంటే ఏమిటో తర్వాతెప్పుడో అర్థమైంది. అదీ పార్లమెంటును చూసి కాదు, సభ్యుల్లో చాలామంది ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఈమెయిళ్ళ మీద నడిచే ఒక సంఘాన్ని చూసి. సావనీర్ కమిటీవారు "మీ ఇంజనీరింగ్ వద్దండీ, ఏదైనా చరిత్ర రాయండి" అన్నారు. ఇది చరిత్రే. మధ్యలో కాస్త ఇంజనీరింగ్ తగిలితే మన్నించాలి.

ఆ సంఘం పేరు డెబియన్. కంప్యూటర్ నడవాలంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి కదా. అలాంటిదాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, విప్పి చూసి మార్చుకునేలా తయారుచేసి పంచిపెట్టే స్వచ్ఛంద కార్యకర్తల సంఘం ఇది. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ అనే అమెరికన్ విద్యార్థి మొదలుపెట్టాడు. స్నేహితురాలు డెబ్రా పేరూ తన పేరూ కలిపి డెబియన్ అన్నాడు. పిల్లల కంప్యూటర్లలో చూసే ఉబుంటు దీని మీద కట్టిందే. పాతికేళ్ళుగా నా ఉద్యోగంలో నేను చూసుకున్న సర్వర్లలో ఎక్కువ భాగం డెబియన్ మీదే నడిచాయి. అయితే నేను వాడుకునేవాణ్ణే తప్ప సభ్యుణ్ణి కాను, ఏనాడూ ఓటు వేయలేదు. గట్టు మీద కూర్చుని ఆట చూసినవాడి మాటలుగా వీటిని తీసుకోండి.

ఓటు హక్కున్న సభ్యులు సుమారు వెయ్యిమంది, ప్రపంచమంతా చెదిరి ఉంటారు. ఇంటర్నెట్‌లో ఒకే మనిషి పది పేర్లతో తిరగవచ్చు కదా, మరి ఒక మనిషికి ఒకే ఓటు అని ఎలా నమ్మడం? దీనికి వాళ్ళు పట్టుకున్న దారి చాలా పాతకాలపుది. ప్రతి సభ్యుడికీ ఒక డిజిటల్ తాళంచెవి ఉంటుంది. సభ్యులు ఎక్కడైనా కలిసినప్పుడు గుర్తింపు కార్డులు చూపించుకుని, ఒకరి తాళంచెవి మీద ఒకరు సాక్షి సంతకం పెడతారు. ఓటు ఈమెయిల్లోనే వెళ్తుంది, ఆ తాళంచెవితో సంతకం ఉంటేనే చెల్లుతుంది. పెళ్ళి సంబంధం కుదుర్చుకునే ముందు మన పెద్దవాళ్ళు "వాళ్ళు మాకు తెలిసినవాళ్ళే" అనే ఒక్క మాట కోసం నలుగురిని అడిగినట్టే ఇదీ.

మొదట్లో రూల్సంటూ ఏమీ లేవు. స్థాపకుడు చెప్పిందే మాట, ఆయన తర్వాత పగ్గాలు అందుకున్న బ్రూస్ పెరెన్స్ చెప్పిందే మాట. పెరెన్స్ హయాంలో, 1997 జులైలో, సంఘం తన వాడుకరులకు ఇచ్చిన మాటను సోషల్ కాంట్రాక్ట్ అనే చిన్న పత్రంగా రాసుకుంది. అందులో మొదటి మాట: డెబియన్ నూటికి నూరు శాతం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గానే ఉంటుంది. ఇక్కడ స్వేచ్ఛ అంటే ధర లేకపోవడం ఒక్కటే కాదు. లోపల ఏం రాసి ఉందో చూసే హక్కు, మార్చే హక్కు, మార్చినదాన్ని పంచే హక్కు. "సాఫ్ట్‌వేర్" అన్న మాటను గుర్తుపెట్టుకోండి, మున్ముందు దానితోనే పని. ఆ మరుసటి ఏడాది నాయకుడైన ఇయాన్ జాక్సన్ ఒక రాజ్యాంగం రాశాడు. 1998 డిసెంబరులో దాన్ని ఆమోదించారు. నాయకుడు ఎంతవరకు చెప్పవచ్చు, సాంకేతిక కమిటీ ఎంతవరకు చెప్పవచ్చు, ఆ ఇద్దరి మీదా సభ్యులందరి ఓటు ఎలా పైచేయి అవుతుంది అన్నవన్నీ అందులో ఉన్నాయి. సభ్యులందరి ఓటుతో చేసే తీర్మానాన్ని వాళ్ళు జనరల్ రిజల్యూషన్ అంటారు.

పద్ధతి ఇదీ. ఒకరు ప్రతిపాదించాలి, మరో ఐదుగురు బలపరచాలి. మామూలుగా రెండు వారాలు చర్చ, రెండు వారాలు ఓటింగ్. కోరం లెక్క నాకు భలే నచ్చుతుంది: సభ్యుల సంఖ్యకు వర్గమూలం కట్టి, అందులో సగం తీసుకుని, దాన్ని మూడింతలు చేయాలి. వెయ్యిమంది ఉంటే వర్గమూలం సుమారు 31.6, సగం 15.8, మూడింతలు 47.4. అంటే 48 మంది చాలు. సభ్యత్వం నాలుగింతలు పెరిగినా కోరం రెండింతలే పెరుగుతుంది. సంఘం పెద్దదయ్యేకొద్దీ మీటింగుకు వచ్చేవాళ్ళ నిష్పత్తి తగ్గుతుందన్న సంగతి సర్వసభ్య సమావేశం పెట్టిన ఎవరికైనా తెలుసు. వీళ్ళు ఆ అనుభవాన్ని గణితంలోకి దించారు.

ఓట్ల లెక్కింపు ఇంకా విచిత్రం. "అవును, కాదు" అని ఉండదు. ఒక ప్రతిపాదనకు పోటీగా ఇంకొకరు మరోటి పెట్టవచ్చు, అన్నీ ఒకే బ్యాలెట్ మీదికి వస్తాయి. వాటిని 1, 2, 3 అని మన ఇష్టం ప్రకారం వరసలో పెట్టాలి. ఎందుకంటే, తొమ్మిదిమంది స్నేహితులు విహారయాత్రకు వెళ్ళాలనుకున్నారనుకోండి. నలుగురికి సాగర్ మొదటి ఇష్టం, తర్వాత అరకు, చివర తిరుపతి. ముగ్గురికి తిరుపతి, అరకు, సాగర్. ఇద్దరికి అరకు, తిరుపతి, సాగర్. చేతులెత్తిస్తే నాలుగు ఓట్లతో సాగర్ గెలుస్తుంది, మిగతా ఐదుగురూ మొహం మాడ్చుకుని బస్సెక్కుతారు. అదే ఒక్కోదాన్ని ఒక్కోదానితో కుస్తీకి దించండి. అరకు, సాగర్ తలపడితే అరకుకు ఐదు, సాగర్‌కు నాలుగు. అరకు, తిరుపతి తలపడితే అరకుకు ఆరు, తిరుపతికి మూడు. మొదటి ఇష్టాలు రెండే ఉన్న అరకు అందరినీ ఓడించింది! పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త కాండోర్సే చెప్పిన ఊహ ఇది. 1998 నాటి రాజ్యాంగంలో లెక్కింపు నియమాలు లొసుగులతో ఉన్నాయని తేలాక, 2003 జూన్‌లో ఓటు వేసి మరీ షుల్జ్ పద్ధతి అనే పక్కా లెక్కకు మారారు. అప్పటి కార్యదర్శి మనోజ్ శ్రీవాస్తవ. ఈమెయిల్ ఓట్లను సరిచూసి లెక్కపెట్టే ప్రోగ్రామును రాసిందీ ఆయనే.

ప్రతి బ్యాలెట్ మీదా చివర ఒక అభ్యర్థి ఎప్పుడూ నిలబడి ఉంటాడు. 2022 దాకా అతని పేరు "ఇంకా చర్చిద్దాం" అని ఉండేది. ఏ ప్రతిపాదనైనా ముందు అతన్ని ఓడించాలి. మామూలు విషయమైతే ఒక్క ఓటు తేడా చాలు. సోషల్ కాంట్రాక్ట్ లాంటి మూల పత్రాన్ని మార్చాలంటే మాత్రం మూడింతల ఆధిక్యం కావాలి.

ఈ మూడింతల నిబంధన వెనకా ఒక కథ ఉంది. 1998 రాజ్యాంగం ప్రకారం సభ్యులు విధాన పత్రాలు "జారీ" చేయవచ్చు. జారీ చేసినదాన్ని మార్చవచ్చా అన్నది ఎవరికీ తోచలేదు, రాయలేదు. 2000లో ఒక సభ్యుడు, స్వేచ్ఛ లేని ప్యాకేజీలను సంఘం సర్వర్ల నుంచి పూర్తిగా తీసేద్దామని ప్రతిపాదించినప్పుడు ఇది బయటపడింది. అలా చేయాలంటే సోషల్ కాంట్రాక్టును సవరించాలి. అసలు దాన్ని సవరించే అధికారం మనకుందా, ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉండాలి కదా అని ఒక వర్గం వాదించింది. మన సుప్రీంకోర్టు 1973లో కేశవానంద భారతి కేసులో పదముగ్గురు జడ్జీలను కూర్చోబెట్టుకుని తేల్చిన ప్రశ్నకు ఇది చిన్న తమ్ముడు. డెబియన్ వాళ్ళు 2003 అక్టోబరులో ఓటు వేసి తేల్చుకున్నారు: మార్చవచ్చు, మూడింతలు కావాలి.

తలుపు తెరుచుకుంది. ఆరు నెలలు తిరక్కముందే దాంట్లోంచి మొదటి సవరణ వచ్చింది.

2004 ఏప్రిల్‌లో ఓటుకు వచ్చిన ఆ ప్రతిపాదన శీర్షిక "ఎడిటోరియల్ సవరణలు". అంటే భాష సరిదిద్దడం, వాక్యాలు చక్కబెట్టడం. పాత పత్రంలో భాష కొంచెం గజిబిజిగా ఉండేది, ఆ మాట నిజమే. చాలామంది సభ్యులు ఓటే వేయలేదు. వేసినవారు కావలసిన మూడింతలకు మించి ఒప్పుకున్నారు. కానీ ఆ చక్కబెట్టడంలో, "నూటికి నూరు శాతం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్" అన్న చోట "సాఫ్ట్‌వేర్" పోయింది. డెబియన్ వ్యవస్థ, అందులోని అన్ని భాగాలు స్వేచ్ఛగా ఉంటాయి అని మాత్రం మిగిలింది.

ఏం మునిగింది అంటారా? పాత వాక్యం ప్రకారం ప్రోగ్రాములు స్వేచ్ఛగా ఉంటే చాలు, వాటితో వచ్చే మాన్యువల్స్ మాటేమిటి అని ఎవరైనా అడిగితే "అవి సాఫ్ట్‌వేర్ కాదుగా" అని తప్పించుకునే సందు ఉండేది. ఫర్మ్‌వేర్ విషయంలోనూ అంతే. వైఫై కార్డు, సౌండు కార్డు లాంటివి మేలుకోవాలంటే ఆన్ చేయగానే వాటిలోకి ఒక చిన్న ప్రోగ్రాము ఎక్కించాలి. అదే ఫర్మ్‌వేర్. కార్డు తయారుచేసిన కంపెనీ దాన్ని ఒకట్లు, సున్నాల ముద్దగా ఇస్తుంది, లోపల ఏముందో చెప్పదు. పాత మాట ఉన్నప్పుడు ఆ ముద్దలు చూసీచూడనట్టు చెల్లిపోయేవి. "అన్ని భాగాలు" అన్నాక చెల్లవు.

అప్పటి రిలీజ్ మేనేజర్ ఆంథొనీ టౌన్స్ ఫలితం చదివి, మాటను మాటగానే తీసుకున్నాడు. మీరు ఓటు వేసిన ప్రకారం ఈ ముద్దలు, ఈ మాన్యువల్స్ అన్నీ తీసేదాకా కొత్త విడుదల కుదరదు అని తేల్చేశాడు. ఆ విడుదల పేరు సార్జ్. అంతకు ముందుది వచ్చింది 2002 జులైలో, జనం అప్పటికే ఎదురుచూపుల్లో ఉన్నారు. గగ్గోలు పుట్టింది. "మేము వ్యాకరణానికి ఓటు వేశాం, దీనికి కాదు" అన్నవారు కొందరు, "చదవకుండా ఓటు ఎందుకు వేశారు" అన్నవారు కొందరు. రెండు నెలల తర్వాత మళ్ళీ బ్యాలెట్. దాని మీద పాత మాటలకే వెనక్కి వెళ్దాం అన్నది ఒకటి, సోషల్ కాంట్రాక్టులోనే ఒక క్షమాపణ చేరుద్దాం అన్నది ఇంకొకటి. గెలిచింది మాత్రం, సవరణ ఉంటుంది, సార్జ్ విడుదలయ్యేదాకా అమలు వాయిదా అన్నది. సార్జ్ 2005 జూన్‌లో వచ్చింది.

తప్పెవరిదన్న దాని మీద నా అభిప్రాయం చెబుతాను. సవరణ ఉద్దేశం తప్పు కాదు. దాన్ని సమర్థించినవారు అది పాత అర్థాన్నే స్పష్టం చేస్తోందని మనస్ఫూర్తిగా నమ్మారు. తప్పు శీర్షికలో ఉంది. "ఎడిటోరియల్" అన్న మాట చూశాక రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివేది ఎంతమంది? సంఘాల్లో ఎజెండాలో చివరి అంశంగా "ఇతర చిన్న మార్పులు" అని పెట్టి, టీ వచ్చే వేళకు చదివేసి, ఏకగ్రీవంగా ఆమోదించబడినది అని రాసుకోవడం మనకు మాత్రం కొత్తా?

వాయిదా అలవాటైంది. 2006లో తర్వాతి విడుదల ముందు అదే ప్రశ్న: ముద్దలున్నా ఈసారికి విడుదల చేద్దామా? చేద్దామన్నారు. 2008లో లెనీ విడుదల ముందు మళ్ళీ అదే. ఈసారి గొడవ ప్రశ్న దాటి బ్యాలెట్ మీదికి పాకింది. వేర్వేరుగా వచ్చిన ప్రతిపాదనలను ఒకే బ్యాలెట్ మీద కలపాలా, ఏ వాక్యానికి మామూలు మెజారిటీ చాలు, దేనికి మూడింతలు కావాలి అన్నది నిర్ణయించేది కార్యదర్శి. మన ఎన్నికల్లో రిటర్నింగ్ అధికారి నామినేషన్లు పరిశీలిస్తాడు కదా, అలాంటిదే, ఇంకా బరువైనది. ఎందుకంటే "ఈసారికి విడుదల చేద్దాం" అన్నది మూల పత్రాన్ని మార్చడం కిందికి వస్తే మూడింతలు కావాలి, రాకపోతే అక్కర్లేదు. మనోజ్ శ్రీవాస్తవ కొన్నిటికి మూడింతలు కావాలన్నారు. అనుకూలించనివారు ఆయన్ను పక్షపాతి అన్నారు. ఏళ్ళ తరబడి ఓట్లు లెక్కపెట్టి, లెక్కపెట్టే యంత్రాన్ని కూడా తానే కట్టి ఇచ్చిన మనిషి, ఆ డిసెంబరులోనే, ఆ గొడవ మధ్యనే రాజీనామా చేశారు. ఓటు ఫలితం: ఫర్మ్‌వేర్ ముద్దలు లైసెన్సు షరతులకు లోబడే ఉన్నాయని, కాదని రుజువయ్యేదాకా, అనుకుందాం. లెనీ 2009 ఫిబ్రవరిలో వచ్చింది.

ఇక "ఈసారికి" అనడం విడుదల చేసేవారికే విసుగొచ్చింది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన 6.0, అంటే స్క్వీజ్ విడుదలలో, లినక్స్ కెర్నెల్ నుంచి స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేర్‌ను తీసి పక్కన పెట్టారు. మాట నిలబడింది. మనకు ఇంకో విశేషం ఏమిటంటే, గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు చేరింది కూడా ఆ విడుదలలోనే, కన్నడం, సింహళం, లావో భాషలతో పాటు. అంటే 2011లో ఒక తెలుగువాడు డెబియన్ ఎక్కిస్తే తొలిసారి ఇన్‌స్టాలర్ బొమ్మలతో సహా తెలుగులో పలకరించేది, అటు తర్వాత వైఫై దొరక్కపోయేది. ఫర్మ్‌వేర్ కలిపిన అనధికార కాపీ ఒకటి సర్వర్‌లో ఒక మూల ఉండేది. తెలిసినవాళ్ళు దాన్ని వాడేవాళ్ళు, తెలియనివాళ్ళు డెబియన్ పనిచేయదనుకుని ఇంకోటి వేసుకునేవాళ్ళు. నేనూ ఎంతమందికి ఆ మూల చిరునామా చెవిలో చెప్పానో లెక్కలేదు.

మధ్యలో ఇతర ఓట్లు చాలా జరిగాయి, రెండిటిని ముట్టుకుని వెళ్తాను. 2014లో కంప్యూటర్ ఆన్ అవగానే మొదట లేచే ప్రోగ్రాము ఏది ఉండాలన్న దాని మీద సంఘం రెండుగా చీలినంత పనైంది. ఆ నవంబరులో సభ్యులందరి ఓటు పెడితే గెలిచిన ప్రతిపాదన ఏమిటో తెలుసా? ఈ విషయానికి సభ్యుల తీర్మానం అవసరం లేదు, అన్నది! ఓటు వద్దని ఓటు వేసి గెలిపించారు. అయినా కొందరు బయటికి వెళ్ళి దేవువాన్ అని వేరు కుంపటి పెట్టుకున్నారు. రెండోది 2021లో. ఒక ప్రముఖ వ్యక్తి పదవి గురించి సంఘం బహిరంగ ప్రకటన చేయాలా అన్న ఓటు. ఎవరు ఎటు వేశారో అందరికీ కనిపించే పద్ధతి కావడంతో, ఓటు వేసినందుకు బయటివాళ్ళ వేధింపులు ఎదురవుతాయని సభ్యులు భయపడ్డారు. 2022 మార్చిలో రాజ్యాంగం సవరించి ఓటును రహస్యం చేశారు. అయినా తన ఓటు లెక్కలో చేరిందో లేదో ప్రతి సభ్యుడూ తనకిచ్చిన రహస్య సంకేతంతో పట్టికలో చూసుకోవచ్చు. పారదర్శకత మీద ఎంతో పట్టుదల ఉన్న సంఘం ఇలా ఒక మెట్టు దిగడం నాకు మొదట నచ్చలేదు. వేధింపుల మాటలు చదివాక నోరు మూసుకున్నాను.

అదే 2022లో పాత ప్రశ్న తిరిగి వచ్చింది. ఇన్‌స్టాలేషన్ కాపీలు తయారుచేసే స్టీవ్ మెకింటైర్ ఇక ఇలా కుదరదన్నాడు. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఫర్మ్‌వేర్ లేకుండా వైఫై సంగతి అటుంచి, శబ్దం కూడా రాదు. చూపులేనివారు ఇన్‌స్టాలర్ చదివి వినిపిస్తే తప్ప డెబియన్ ఎక్కించుకోలేరు, శబ్దమే లేకపోతే ఏం వింటారు? స్వేచ్ఛ కోసం పెట్టుకున్న నియమం, ఎవరి స్వేచ్ఛను అడ్డుకుంటోంది అన్నది ప్రశ్న.

బ్యాలెట్ మీద చాలా దారులు నిలిచాయి. సోషల్ కాంట్రాక్టును ముట్టుకోకుండా, ఇన్‌స్టాలర్‌లో మాత్రం ఫర్మ్‌వేర్ కలుపుదాం అన్నది ఒకటి. దానికి మామూలు మెజారిటీ చాలు. అలా చేసిన ఇన్‌స్టాలర్ డెబియన్‌లో భాగమే కాదందాం అన్నది ఒకటి. రెండు రకాల కాపీలూ ఉంచుదాం అన్నది ఇంకొకటి. ఇంకో ప్రతిపాదన, పని ఎలాగూ చేస్తున్నాం కాబట్టి సోషల్ కాంట్రాక్టులోనే ఆ సంగతి ఒక వాక్యంగా రాసేద్దాం, కాపీ ఒకటే ఉంచుదాం అంది. దీనికి మూడింతలు కావాలి. తేలిక దారి పక్కనే ఉంది. పద్దెనిమిదేళ్ళుగా "ఈసారికి" అని నడిచిన దారీ అదే. సెప్టెంబరు ఆఖర్లో ఓట్లు పడ్డాయి, అక్టోబరు మొదట్లో ఫలితం వచ్చింది. మూడింతలు కావలసిందే గెలిచింది. పరికరాలు పనిచేయడానికి అవసరమైన ఫర్మ్‌వేర్, వ్యవస్థలో భాగం కాకపోయినా, అధికారిక కాపీల్లో ఉండవచ్చు అన్న అర్థంతో ఒక వాక్యం పత్రం చివర్లో చేరింది. 2004లో తీసేసిన "సాఫ్ట్‌వేర్" అన్న మాటను మాత్రం తిరిగి పెట్టలేదు.

ఆ వాక్యంతో మొదటి విడుదల 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12. ఆ సెప్టెంబరులో సంఘం వార్షిక సదస్సు తొలిసారి మన దేశంలో, కొచ్చిలో జరిగింది. నేను వెళ్ళలేకపోయాను. ఆ దసరా సెలవుల్లో మాత్రం అటక మీద ఉన్న పాత లాప్‌టాప్ దించి దుమ్ము దులిపి, అధికారిక కాపీతోనే డెబియన్ 12 ఎక్కించాను. ఏ మూల చిరునామా అక్కర్లేకపోయింది. మూడో తెర దగ్గర మా ఇంటి వైఫై పేరు దానంతటదే కనిపించింది, పాస్‌వర్డ్ ఏమిటని అడిగింది. అది నాకు గుర్తులేదు. మా అమ్మాయికి ఫోన్ చేసి కనుక్కున్నాను.